మీ వీధికి ఒక్క ఫొటో అయినా ఉందా?

నా ఫోన్‌లో 11 వేల ఫొటోలున్నాయి. బిర్యానీలు, బీచ్‌లు, కరెంటు బిల్లుల స్క్రీన్‌షాట్లు, ఒకే పిల్లి నలభై భంగిమల్లో. వాటిలో మా తాతగారి ఇల్లు ఒక్కటీ లేదు.

గజపతినగరంలో మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి వస్తే ఉండేదా ఇల్లు. నాటు పెంకులు, నల్లబడిన దూలాలు, ముందు నడుమెత్తు అరుగు. సంక్రాంతికి వెళ్తే పిల్లలందరికీ రాత్రి పడక ఆ అరుగు మీదే. రెండేళ్ల కిందట ఇంట్లోవాళ్లంతా కూర్చుని మాట్లాడుకుని, దాన్ని తీయించి స్లాబు వేశారు. అందులో తప్పేం లేదు. వానొస్తే గిన్నెలు పెట్టుకునే ఇంట్లోనే ఉండండని పెద్దవాళ్లకు చెప్పడానికి నేనెవర్ని?

మొన్న వెళ్లినప్పుడు మామ్మ అడిగింది. ‘ఒరే బాబూ, మీ తాత కూకునే అరుగు ఫొటో నీ ఫోన్లో ఉంటే ఓసారి సూపించరా.’

వెతికాను. గ్యాలరీ, క్లౌడ్, పాత హార్డ్ డిస్క్, చుట్టాల వాట్సాప్ గ్రూపులు... అన్నీ వెతికాను. చివరికి దొరికింది అక్క ఓణీల ఫంక్షన్ ఫొటో ఒకటి. అందరూ వరసగా నిలబడ్డారు. వాళ్ల వెనక సగం తలుపు, జానెడు అరుగు. అంతే. బీటెక్ చదివి, కెమెరా సెన్సర్ల మీద పేజీలకు పేజీలు బ్లాగు రాసే నా దగ్గర, మా ఇంటికి ఉన్న సాక్ష్యం ఆ జానెడే.

ఇది నా ఒక్కడి కథ అయితే ఈ పేజీలో రాసే పని లేదు. మీరూ ఒకసారి ఫోన్ తీసి చూడండి. మీరు పుట్టి పెరిగిన వీధి ఈ చివర నుంచి ఆ చివరి వరకూ కనిపించే ఫొటో ఒక్కటైనా ఉందా? చాలామంది దగ్గర ఉండదు. రోజూ చూసేదాన్ని ఎవరూ ఫొటో తీయరు. అందుకే అది పోయాక వెతుక్కుంటాం.

పడగొట్టే ముందు ఒక ఫొటో

ఇలాంటి పని పద్ధతి ప్రకారం ఎలా చేస్తారో తెలుసుకోవాలంటే ఒకసారి స్కాట్లాండ్ వెళ్లి రావాలి. 1860ల్లో గ్లాస్గో నగరంలో పాత ఇళ్ల సందులు ఎంత ఇరుకంటే, గాలీ వెలుతురూ ఆడేవి కావు. రోగాలు విపరీతం. వాటిని తీసేయడానికి 1866లో చట్టం చేశారు. పని పెట్టుకున్న ట్రస్టు అప్పుడు ఒక మంచి ఆలోచన చేసింది. పడగొట్టే ముందు ఆ సందుల్ని ఫొటోలు తీయమని 1868లో థామస్ అన్నన్ అనే ఫొటోగ్రాఫర్‌కు చెప్పింది. ఆయన 1871 వరకూ ఆ సందుల్లో తిరిగి తీసిన ఫొటోలు ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి.

వాటిలో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఫొటో కింద రాసిన వివరం. ‘హై స్ట్రీట్, 118వ నంబరు సందు’ ఇలా నంబరుతో సహా రాశారు. ఆ సందు ఇప్పుడు లేకపోయినా, ఎక్కడుండేదో మ్యాప్ మీద వేలు పెట్టి చూపించవచ్చు. రెండోది, ఆ ఫొటోల్లో మనుషులు మసకగా ఉంటారు. అప్పటి కెమెరాలకు ఒక్క ఫొటోకే చాలాసేపు పట్టేది. పిల్లలు కదలకుండా ఉంటారా? దయ్యాల్లాగా పొగ రంగులో కనిపిస్తారు. వాళ్ల సందుకు నంబరుంది, వాళ్లకు మాత్రం పేర్లు లేవు. ఆ పిల్లల్ని ‘మీ పేరేంటమ్మా’ అని అడిగి రాసుకోవడం ఆ పనిలో భాగం కాలేదు.

నూట యాభై ఏళ్ల తర్వాత మన చేతిలో ఉన్న ఫోన్‌కి సెకనులో వందో వంతు చాలు. పిల్లలు పరిగెత్తుతున్నా మసకబారరు. మరి పేర్లు? వాటిని అడగాల్సింది మనమే. ఏ కెమెరా అడగదు.

మన ఊళ్ల కథ ఎవరు రాయించారు?

స్కాట్లాండ్‌కీ మనకీ ఇంకో లంకె ఉంది. కాలిన్ మెకంజీ పేరు పోటీ పరీక్షలకు చదివేవాళ్లు వినే ఉంటారు. స్కాట్లాండ్ ఉత్తరాన లూయిస్ దీవిలో స్టోర్నవే అనే చిన్న ఊళ్లో పుట్టినవాడు. కంపెనీ సైన్యంలో ఉద్యోగిగా వచ్చి, 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. భూమి కొలవడంతో ఆగకుండా, ఊరూరా కథలు కూడా పోగు చేయించాడు. ఈ ఊరు ఎప్పుడు కట్టారు, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరిది, శాసనం ఎక్కడుంది? కరణాల్నీ ఊరి పెద్దల్నీ అడిగి రాసిన ఆ రికార్డుల్నే కైఫీయతులంటారు.

అడిగిందీ రాసిందీ మాత్రం ఎక్కువగా మనవాళ్లే. కావలి వెంకట బొర్రయ్య, 1803లో ఆయన పోయాక తమ్ముడు లక్ష్మయ్య ఆ పనికి వెన్నెముకగా నిలబడ్డారు. తర్వాత సి.పి.బ్రౌన్ ఆ రికార్డులకు నకళ్లు రాయించాడు. ఈ రోజు తెలుగు ఊళ్ల చరిత్ర రాయాలనుకునే ఎవరైనా ఆ కాగితాల దగ్గరికి వెళ్లాల్సిందే.

మెకంజీకి అప్పట్లో కంపెనీ బలం ఉంది, గుమస్తాలున్నారు. కెమెరా మాత్రం లేదు. మన దగ్గర కెమెరా ఉంది, మ్యాప్ ఉంది, వాయిస్ రికార్డర్ ఉంది, అన్నీ ఒకే జేబులో. అయినా మన వీధి కైఫీయతు రాయడానికి బయటి నుంచి ఎవరో రావాలని చూస్తున్నాం. ఎవరూ రారు.

‘గూగుల్‌లో అన్నీ ఉంటాయి కదా’ అంటారు. 2022 జులైలో మన దేశంలో స్ట్రీట్ వ్యూ మొదలుపెట్టినప్పుడు పది నగరాలతో మొదలుపెట్టారు. తెలుగు రాష్ట్రాల నుంచి అందులో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. మన ఊళ్ల వంతు ఎప్పుడొచ్చినా, కారు మీది కెమెరాకు తెలిసేది గోడ రంగు మాత్రమే. ఆ గోడ వెనక ఒకప్పుడు గానుగ ఆడేదని దానికి ఎవరు చెప్తారు?

కోటకు ఫొటోలుంటాయి, వీధికి ఉండవు

విజయనగరం కోట 1713 నాటిది. దానికి వేల ఫొటోలున్నాయి. గంటస్తంభానికీ ఉన్నాయి. సిరిమానోత్సవం రోజు అయితే ఫోన్ ఎత్తని చెయ్యి ఉండదు. అలాంటి ఊళ్లోనే మూడు లాంతర్ల కూడలి సంగతి గుర్తుందా? తరాలుగా అందరూ గుర్తుగా చెప్పుకున్న ఆ పాత కట్టడాన్ని 2020 మేలో కూడలి పనుల్లో భాగంగా తీసేశారు. విమర్శలు వచ్చాయి, వాదనలు జరిగాయి. అప్పుడు చాలామంది చేసిన మొదటి పని, పాత ఫొటోల కోసం వెతకడం. పేరున్న కట్టడానికే ఆ పరిస్థితి. పేరు లేని మన వీధి సంగతి చెప్పాలా?

చట్టం కూడా పెద్దగా ఆదుకోదు. 1958 నాటి కేంద్ర చట్టమైనా, 1960 నాటి రాష్ట్ర చట్టమైనా, రక్షిత కట్టడంగా ప్రకటించినవాటినే కాపాడతాయి. పెంకుటిల్లు, చుట్టిల్లు, కిరాణా కొట్టు చెక్క తలుపులు, రావిచెట్టు గద్దె ఆ జాబితాలోకి ఎక్కేవి కావు. అన్నిటినీ అలాగే ఉంచాలని నేను అనను కూడా. రోడ్డు వెడల్పు కావాలి, పక్కా ఇల్లు కావాలి. కానీ పోయేది పోయేలోపు దాని రూపం, దాని కథ మిగుల్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బడ్జెట్టూ అక్కర్లేదు.

మా గజపతినగరాన్నే చూడండి. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్ కాలానికే ఇది తాలూకా కేంద్రం. 1908-09లో విజయనగరం నుంచి పార్వతీపురం వరకు రైలు మార్గం వేసినప్పుడు ఊరి దారి మారింది. ఇప్పుడు సాలూరు మీదుగా ఒడిశా వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి ఊరి మధ్య నుంచే పోతుంది. పాతవాళ్లు దాన్ని ఇంకా 43 అనే అంటారు. పక్కన చంపావతి. తాలూకా, రైలు, రోడ్డు, ఏరు. చిన్న ఊరికి ఇంతకంటే చరిత్ర ఏం కావాలి? అసలు ‘గజపతి’ అన్న పేరు ఊరికి ఎలా వచ్చిందని నలుగురిని అడగండి, నాలుగు కథలు చెప్తారు. నాలుగూ రికార్డు చేయండి.

ఒక ఆదివారం, ఒక వీధి

మామ్మ మాట విన్న తర్వాతి ఆదివారం పొద్దున్నే ఆరున్నరకు ఫోన్ పట్టుకుని బయల్దేరాను. ఊరంతా తీద్దామనుకోలేదు. మా వీధి ఒక్కటే. ఎడమ వైపు ఇళ్లు వరసగా వెళ్తూ, కుడి వైపు ఇళ్లు వరసగా వస్తూ. ప్రతి ఇంటికీ ఎదురుగా నిలబడి ఒకటి, వీధి పొడవునా కనిపించేలా ప్రతి యాభై అడుగులకు ఒకటి. నాలుగో ఇంటికే ఆపేశారు.

‘ఏటి బాబూ, ఆ పడిపోయే గోడకి ఫొటో ఏటి? బేంకోళ్లా, సర్వేవోళ్లా?’

ఈ ప్రశ్న మీకూ వస్తుంది. తెల్లారి ఎవడో వచ్చి ఇంటిని ఫొటో తీస్తుంటే భయం సహజం. ఫోన్ జేబులో పెట్టుకుని, ఎవరి మనవణ్నో చెప్పి, ఎందుకు తీస్తున్నానో చెప్పాను. ఆమె మొహం మారిపోయింది. తర్వాత అరగంట ఆమె మాట్లాడింది, నేను విన్నాను. సిమెంటు రోడ్డు కింద ఒక నుయ్యి ఉందట. వీధి మొత్తానికీ మంచినీళ్లు అవేనట. ఎక్కడో కూడా చూపించింది. నేను పాతికేళ్లుగా నడుస్తున్న చోటే. ఆ ఖాళీ రోడ్డు ఫొటో తీశాను. చూసేవాళ్లకు అందులో ఏమీ కనిపించదు. కింద రాసిన రెండు వాక్యాలు చదివితే నుయ్యి కనిపిస్తుంది.

వీధి చివర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు మా పొలం పనులు చేసినవారు. మా జానెడు అరుగు ఫొటో ఆయనకు చూపించి ‘తాతా, ఈ అరుగు గుర్తుందా’ అని సంబరంగా అడిగాను.

‘గుర్తునేకేం బాబూ’ అన్నారాయన. ‘ఆ అరుగు మీద మేం కూకోలేదు. మమ్మల్ని కూకోనిచ్చేవోళ్లు కాదు. కిందే నిలబడి కూలి డబ్బులు అట్టుకెళ్లేవోళ్లం.’

ఏం మాట్లాడాలో తెలియలేదు. నాకు ఆ అరుగంటే వెన్నెల, తాత చెప్పే కథలు. ఆయనకు అదే అరుగు, ఎక్కకూడని ఎత్తు. ఫొటో ఒకటే. అడగకపోయి ఉంటే నా కథ ఒక్కటే దాని కింద మిగిలిపోయేది. కొన్నాళ్లకు అదే చరిత్ర అనుకునేవాళ్లు.

అందుకే ఈ పని చేసేవాళ్లకు నా మొదటి మాట ఇది. అందంగా కనిపించే వీధి దగ్గరే ఆగిపోవద్దు. గుడి వీధి తీస్తే ఊరి చివరి పేట కూడా తీయాలి. పెద్దింటి తలుపు తీస్తే చాకలి రేవు, చేనేత మగ్గం, చేపల బజారు కూడా తీయాలి. ఎవరి ఇల్లు ఫొటోలో ఉంది అన్నదానితో పాటు, ఎవరికి ఆ ఇంట్లోకి దారి లేదు అన్నదీ అడగాలి.

ఫొటోకి ఐదు ముక్కలు

ఇక టెక్నికల్ సంగతులు. ఖరీదైన కెమెరా వద్దు. మీ దగ్గరున్న ఫోన్ చాలు. ముందు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్ చేయండి. తేదీ, సమయం, జీపీఎస్ ఫైల్‌లోనే చేరిపోతాయి. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ ఆపేయండి. వీధికి మేకప్ అక్కర్లేదు. పొద్దున్న ఎండ తూర్పు నుంచి వస్తుంది కాబట్టి తూర్పు ముఖం ఇళ్లు అప్పుడు, పడమటి ముఖం ఇళ్లు సాయంత్రం తీయండి.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఫొటోల్ని మామూలుగా వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గిపోతుంది, లొకేషన్ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టండి. ఒక్కో ఫొటో 4 ఎంబీ అనుకున్నా 500 ఫొటోలకు 2 జీబీయే. రెండు వేర్వేరు చోట్ల, ఇంకోటి ఊరి బయట లేదా క్లౌడ్‌లో, మొత్తం మూడు కాపీలు ఉంచండి.

తర్వాత ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. ప్రతి ఫొటోకు ఐదు ముక్కలు రాయండి. ఎక్కడ తీశారు, ఏ రోజు, ఏ దిక్కు చూస్తూ, ఏమేం కనిపిస్తోంది, ఈ సంగతి ఎవరు చెప్పారు. ఐదోది మర్చిపోవద్దు. చెప్పినవాళ్లు పేరు వద్దంటే ‘వీధిలో ఉండే 80 ఏళ్ల మహిళ’ అని రాస్తే చాలు. ఈ ఐదు లేని ఫొటో మీకు జ్ఞాపకమే తప్ప ఇంకెవరికీ ఆధారం కాదు.

ప్రతి ఏడాదీ అదే నెలలో అదే చోట నిలబడి మళ్లీ తీయండి. ఐదేళ్లకు మీ వీధి ఎలా మారిందో మీ దగ్గర ఉన్నట్టు ఏ ఆఫీసు దగ్గరా ఉండదు.

ఊళ్లోని పాత ఫొటో స్టూడియోకు కూడా వెళ్లండి. నెగెటివ్‌లు అట్టపెట్టెల్లో పడి ఉంటాయి. తమిళనాడులో ఇలాంటి పాత స్టూడియోల ఫొటోల్ని బ్రిటిష్ లైబ్రరీ సాయంతో డిజిటైజ్ చేశారు. మనకు అంత పెద్ద పథకం వచ్చేదాకా ఆగక్కర్లేదు. యజమానిని మర్యాదగా అడిగి, ఒక్కో నెగెటివ్‌ను తెల్లటి ట్యాబ్లెట్ స్క్రీన్ మీద పెట్టి ఫొటో తీసి రంగులు తిప్పితే చాలు.

హద్దులు కూడా తెలియాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం భవనం ఫొటో తీయడం, వేసుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. కానీ మనుషులున్నారు. వాకిట్లో పని చేసుకుంటున్న ఆడవాళ్లనీ, పిల్లల్నీ అడక్కుండా తీయొద్దు. రైల్వే స్టేషన్‌లో తీయాలంటే ముందు స్టేషన్ మాస్టర్‌తో మాట్లాడండి. వద్దన్నవాళ్ల ఫొటో అక్కడే, వాళ్ల కళ్ల ముందే డిలీట్ చేయండి.

పది మందికీ అందాలంటే వికీమీడియా కామన్స్ ఉంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మన ఊళ్లకు పేజీలున్నాయి. చాలా పేజీలు మంచి ఫొటో కోసం ఎదురుచూస్తున్నాయి. అయితే అక్కడ పెట్టిన ఫొటోను ఎవరైనా, వ్యాపారానికి కూడా, మీ పేరు చెప్పి వాడుకోవచ్చు. ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. కాబట్టి వీధులు, కట్టడాలు అక్కడ పెట్టండి. ఇళ్లల్లోని మనుషుల ఫొటోలు ఇంటివాళ్ల దగ్గరే ఉంచండి. ఒంటరిగా చేసేది ఎంతని అనుకోకండి. బ్రిటన్, ఐర్లండ్‌లలో ప్రతి చదరపు కిలోమీటరుకూ ఫొటో ఉండాలని 2005లో జియోగ్రాఫ్ అనే పని మొదలుపెట్టారు. మామూలు జనమే తీసి పెట్టిన ఫొటోలు ఇప్పుడు 70 లక్షలు దాటాయి.

దీనితో ఉద్యోగం వస్తుందా?

ఈ పేజీ చదివేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. సూటిగా చెప్తాను. వీధి ఫొటోలు తీసినందుకు ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. కానీ ఈ పనిలో మీరు నేర్చుకునేవి చూడండి. డేటాను పద్ధతిగా సేకరించడం, మెటాడేటా రాయడం, మ్యాపింగ్, తెలియని మనిషితో మాట్లాడి విషయం రాబట్టడం, దాన్ని నాలుగు ముక్కల్లో రాయడం. ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు చెప్పండి’ అన్నప్పుడు, అందరూ డౌన్‌లోడ్ చేసుకొచ్చిన లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ గురించి చెప్తారు. మీరు ‘మా వీధిలో 112 ఇళ్లు, ఇదిగో మ్యాప్, ఇదిగో ప్రతి ఇంటి కథ’ అని చూపిస్తే, ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు.

ఆసక్తి నిజంగా ముదిరితే దారులున్నాయి. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది. ఆర్కిటెక్చర్ చదివినవాళ్లకు ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో కట్టడాల పరిరక్షణలో పీజీ ఉంది. చరిత్ర వైపు వెళ్లినవాళ్లకు గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ వారి సంస్థ పీజీ డిప్లొమా ఇస్తోంది. ఇంజినీరింగ్ వాళ్లకు జీఐఎస్, త్రీడీ మోడలింగ్ దారి తెరిచే ఉంది. ఏ దారిలో వెళ్లినా, దరఖాస్తుతో పాటు సొంతంగా చేసిన పని ఒకటి చేతిలో ఉండటం బలం.

ఉద్యోగం సంగతి అలా ఉంచినా, ఈ పనికి గడువుంది. ఇల్లు ఇంకో పదేళ్లు నిలబడొచ్చు. నుయ్యి ఎక్కడుందో తెలిసిన ఆమె వయసు 80 దాటింది.

మామ్మకు ఆ జానెడు అరుగు ఫొటోనే పెద్దగా ప్రింట్ తీయించి ఇచ్చాను. చాలాసేపు చూసింది. పెద్దాయన అన్న మాట కూడా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ‘నిజమేరా’ అంది చివరికి. ‘అలాగే ఉండేది. అది కూడా రాయి.’

రాశాను. నా స్ప్రెడ్‌షీట్‌లో ఆ ఫొటో ఎదురుగా ఇప్పుడు ఇద్దరి మాటలూ ఉన్నాయి. ఈ ఆదివారం మీరు మీ వీధికి వెళ్లండి. ఒక్క వీధి, రెండు గంటలు. ఫోన్ ఛార్జింగ్ నిండా పెట్టుకోండి. ఓ నోటు పుస్తకం, పెన్ను కూడా పట్టుకెళ్లండి.